పిడుగుపాటు: పొలములో ప్రాణరక్షణ



వేసవి మధ్యాహ్నము మూడు గంటలైనది. కళ్ళములో మిరపకాయలు ఎండుచున్నవి. పడమటి దిక్కున నల్లని మబ్బొకటి లేచి పైకి పెరుగుచున్నది. ఎక్కడనో సన్నగా ఉరిమినది. అప్పుడు మనలో నూటికి తొంబదిమంది ఏమి చేయుదురు? పట్టాలు వెదకుదురు, కాయలు కుప్ప చేయుదురు, ఆవల కట్టిన ఎద్దులను విప్పి తెచ్చుటకు పోవుదురు. తీరా చినుకులు పడిన తరువాత దగ్గరనున్న చింతచెట్టు క్రిందికో, వేపచెట్టు క్రిందికో చేరుదురు. పంటను తడవకుండ కాపాడుకొనవలెనను ఆరాటము సహజమే. కాని ఆ పది నిమిషములే ప్రాణమునకు మిక్కిలి అపాయకరమైనవి.

మన దేశములో ప్రకృతి వైపరీత్యముల వలన కలుగు మరణములలో పిడుగుపాటుదే మొదటి స్థానము. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో ప్రకృతి శక్తుల వలన దేశమందు 8,060 మంది మరణింపగా, అందు 2,887 మంది పిడుగుపాటు వలననే మరణించిరి. అనగా మూడవ వంతు కంటె ఎక్కువ. అంతకు ముందు సంవత్సరము, 2021లో, ఈ సంఖ్య 2,880. తుఫాను ఒకే దినమున ఒకే చోట అనేకులను బలిగొనును గనుక అది అందరికి తెలియును. పిడుగు ఒక ఊరిలో ఒకరిని, మరియొక ఊరిలో ఇద్దరిని చంపును గనుక దాని లెక్క మన కంటికి కనబడదు. చనిపోవువారిలో పెక్కుమంది పొలములో పని చేయువారు, పశువులు కాయువారు. కావున ఈ విషయము ఎరువులు, పురుగు మందుల విషయము వలెనే రైతు తెలిసికొనవలసినది.

పిడుగును ఆపుట ఎవరి తరము కాదు. దాని దారి నుండి తప్పుకొనుట మాత్రము అందరికి సాధ్యమే. అందుకు ఖర్చు లేదు. కొంచెము తెలివిడి, కొంచెము ముందు జాగ్రత్త చాలును.

ఉరుము మబ్బు ఎట్లు పుట్టును?

మార్చి నుండి మే వరకు నేల బాగుగా కాగును. నేలనంటియున్న గాలి వేడెక్కి తేలికయై పైకి లేచును. ఆ గాలిలో తేమ లేనిచో అది పైకి పోయి చల్లారుటతో కథ ముగియును. కాని బంగాళాఖాతము మీదుగా తేమగాలి వీచిన దినములలో పైకి లేచిన గాలి చల్లబడగనే అందలి ఆవిరి నీటి తుంపరలుగా మారును. ఆవిరి నీరగునప్పుడు తనలో దాగియున్న వేడిని విడుచును. పొయ్యి మీద కాగిన పాలు పొంగినట్లు, ఆ వేడి వలన మబ్బు మరింత పైకి పొంగును. ఉదయము దూదిపింజ వలెనున్న చిన్న మబ్బు సాయంకాలమునకు పర్వతమంత యగుటకు ఇదియే కారణము. దానిని శాస్త్రజ్ఞులు క్యుములోనింబస్ మేఘము అందురు. దాని శిఖరము 12 మొదలు 16 కిలోమీటర్ల ఎత్తు వరకు పోవుట కలదు. అచ్చటి నుండి పైకి పోలేక అది ప్రక్కలకు పరచుకొని కమ్మరి దాగలి ఆకారము పొందును. దూరమునుండి ఇట్టి మబ్బు కనబడినచో అది పూర్తిగా ఎదిగిన ఉరుము మబ్బని గుర్తింపవలెను.

అంత ఎత్తున నీరు నీరుగా నిలువదు, మంచుగడ్డ యగును. మబ్బులో సన్నని మంచు పలుకులు, వాటికంటె బరువైన మెత్తని వడగళ్ళ గింజలు ఒకదానితో నొకటి ఢీకొనుచుండును. ఇట్లు రాచుకొనునప్పుడు విద్యుత్తు పుట్టును. తల దువ్విన ప్లాస్టిక్ దువ్వెన కాగితపు ముక్కలను లాగుట మీరు చూచియే యుందురు. మబ్బులో జరుగునదియు అట్టిదే, కాని లక్షల రెట్లు పెద్దది. తేలికైన మంచు పలుకులు ధన విద్యుత్తును పట్టుకొని పైకి పోవును. బరువైన గింజలు ఋణ విద్యుత్తును పట్టుకొని క్రిందనుండును. మబ్బు అడుగున ఋణ విద్యుత్తు పేరుకొన్నప్పుడు దాని క్రింది నేల మీదికి ధన విద్యుత్తు చేరును. నేల మీద ఎత్తుగానున్న చెట్లు, గోపురములు, స్తంభములు, పొలములో నిలుచున్న మనిషి, వీటి చివరలలో అది మరింత అధికముగా నుండును.

పిడుగు ఎట్లు పడును?

గాలి మామూలుగా విద్యుత్తును పోనీయదు. ఒత్తిడి మిక్కిలి హెచ్చినప్పుడు మాత్రము ఆ కట్ట తెగును. మబ్బు నుండి ఒక విద్యుత్పాయ మెట్లు మెట్లుగా, కొమ్మలు వేయుచు, క్రిందికి దిగును. అది నేలకు సమీపించగనే చెట్టు కొననుండియో, మనిషి తలనుండియో మరియొక చిన్న పాయ పైకి లేచి దానిని కలియును. ఆ రెండును కలిసిన క్షణముననే పెద్ద ప్రవాహము సాగును. అదియే మన కంటికి కనబడు మెరుపు. మబ్బులోనే పుట్టి మబ్బులోనే అణగునది మెరుపు. నేలను తాకునది పిడుగు. మెరుపులలో ఎక్కువ భాగము నేలకు రావు.

పిడుగు దారిలోని గాలి దాదాపు 30,000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాగును. సూర్యుని ఉపరితలము కంటె ఇది అయిదు రెట్లు వేడి. అంత వేడికి గాలి ఒక్కసారిగా వ్యాకోచించి ప్రేలును. ఆ ప్రేలుడు శబ్దమే ఉరుము. మెరుపు, ఉరుము ఒకే క్షణమున పుట్టినను వెలుగు వెంటనే కనబడును. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్ల వేగముతో నడచి ఆలస్యముగా చేరును. కావున ఉరుము ఎవరి మీదను పడదు. ఉరుము వినబడునప్పటికి ఆ పిడుగు పడియే యుండును. రాబోవు పిడుగే మనము తప్పించుకొనవలసినది.

ఇంకొక విషయము మరువరాదు. పిడుగు మబ్బుకు సరిగా క్రిందనే పడవలెనను నియమము లేదు. మబ్బు ప్రక్కనుండి వెలువడి పది, పదునైదు కిలోమీటర్ల ఆవల, ఎండ కాయుచున్న చోట పడుట కూడ కలదు. “వాన ఇంకను రాలేదు గదా” అని పనిలోనుండుట అందుచేతనే ప్రమాదకరము. వాన రాకముందును, వాన వెలిసిన తరువాతను పిడుగులు పడును.

మనిషికి ఎన్ని విధముల తగులును?

పిడుగు నెత్తి మీద పడినప్పుడే ప్రాణము పోవునని పలువురు తలంతురు. అది అరుదు. తక్కిన విధములే ఎక్కువమందిని చంపుచున్నవి.

1. సూటిగా పడుట: మైదానములో, గట్టు మీద, మంచె మీద, ట్రాక్టరు మీద అందరికంటె ఎత్తుగానున్న మనిషి మీద పడును.

2. ప్రక్కకు దూకుట: పిడుగు చెట్టు మీద పడి, కాండము వెంబడి దిగుచు, మధ్యలో చెట్టు క్రిందనున్న మనిషి మీదికి దూకును. మనిషి శరీరములో నీరు, ఉప్పు ఉండుటచే విద్యుత్తునకు చెట్టు బెరడు కంటె మన శరీరమే సులువైన దారి. చెట్టు క్రింద చేరినవారు మూకుమ్మడిగా మరణించుటకు ఇది ఒక కారణము.

3. తాకుట వలన: ఇనుప తీగ కంచెనో, పంపు గొట్టమునో, విద్యుత్ స్తంభమునో పట్టుకొనియున్నప్పుడు పిడుగు దూరమున వాటి మీద పడినను దాని విద్యుత్తు ఇచ్చటివరకు వచ్చును.

4. నేల ద్వారా: పిడుగు పడిన చోటునుండి విద్యుత్తు నేలలో నలుప్రక్కల ప్రాకును. పడిన చోటికి దగ్గరగానున్న పాదమునకు, దూరముగానున్న పాదమునకు మధ్య ఒత్తిడి భేదము వలన ఒక కాలినుండి ఎక్కి రెండవ కాలినుండి దిగును. కాళ్ళు ఎడముగానున్న కొలది దెబ్బ పెద్దది. పశువులకు ముందు కాళ్ళు, వెనుక కాళ్ళు చాల ఎడముగా నుండును. ఆ దారిలోనే గుండె యుండును. 2016 ఆగస్టులో నార్వే దేశపు హార్డంగర్‌విడ్డా పీఠభూమిలో ఒకే పిడుగుల వానలో 323 రెయిన్‌డీరు జింకలు గుంపుగా చచ్చిపడుటకు ఇదియే కారణమని తేలినది. మన గొర్రెల మందలకును ఇదే గతి పట్టుచున్నది.

ఈదురుగాలి, సుడిగాలి, టోర్నడో

ఉరుము మబ్బునుండి వాన, వడగళ్ళు దిగునప్పుడు వాటితోపాటు చల్లని గాలి క్రిందికి కుంభవృష్టి వలె పడి నేలను తాకి నలుదిక్కులకు చెదరును. వానకు ముందు చటుక్కున చల్లబడి దుమ్ము లేచుట ఇందువలననే. ఇదియే ఈదురుగాలి. మామిడి కాయలు రాలుట, అరటి తోటలు ఒరుగుట, రేకుల కప్పులు లేచుట దీనిచేతనే జరుగును.

ఎర్రటి ఎండలో, మబ్బు లేని ఆకాశము క్రింద, దుక్కి చేలలో దుమ్ము ఆకులు తిప్పుచు లేచు సుడిగాలి వేరు. అది కాగిన నేలనుండి పుట్టి పైకి పోవును. కొద్ది నిమిషములలో అణగును. టోర్నడో అట్టిది కాదు. అది బ్రహ్మాండమైన ఉరుము మబ్బునుండి తొండము వలె క్రిందికి దిగును. క్రింది గాలి ఒక దిక్కున, పై గాలి మరియొక దిక్కున, వేరు వేరు వేగములతో వీచునప్పుడు మధ్యనున్న గాలి రోకలి వలె దొర్లును. మబ్బులోనికి లేచు గాలి ఆ రోకలిని నిలువుగా ఎత్తగా మబ్బే తిరుగనారంభించును. ఇట్టివి అమెరికాలో ఎక్కువ. మన వైపున తూర్పు ప్రాంతములలో అప్పుడప్పుడు సంభవించినవి. బంగ్లాదేశములో 1989 ఏప్రిల్ 26న దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతములలో పడిన టోర్నడో సుమారు 1,300 మందిని బలిగొన్నది. 1998 మార్చి 24న ఒడిశా, పశ్చిమ బెంగాల్ సరిహద్దున మరియొకటి గ్రామములను నేలమట్టము చేసినది. తెలుగు జిల్లాలలో రైతుకు ప్రతి సంవత్సరము ఎదురగు శత్రువు మాత్రము పిడుగే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్ర ప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,000కు పైగా పిడుగులు పడినట్లు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ లెక్కించినది.

ముందుగా తెలిసికొనుట ఎట్లు?

ఏ పొలములో ఏ నిమిషమున పిడుగు పడునో ఎవరును చెప్పజాలరు. కాని ఏ మండలములలో ఉరుములతో కూడిన వాన రాగలదో కొన్ని గంటలు ముందుగా చెప్పుటకు వీలైనది. వాతావరణ శాఖ వారు డాప్లర్ రాడారులతో మబ్బుల ఎత్తును, వాటిలోని గాలి కదలికను కనిపెట్టి, రాబోవు మూడు గంటలకు హెచ్చరికలు జారీ చేయుచున్నారు. హైదరాబాదు, మచిలీపట్నము, విశాఖపట్నములలో ఇట్టి రాడారులు కలవు. హెచ్చరికలకు రంగులు కలవు: ఆకుపచ్చ యన్న భయము లేదు, పసుపు యన్న గమనించుచుండుడు, నారింజ యన్న సిద్ధముగా నుండుడు, ఎరుపు యన్న వెంటనే జాగ్రత్త పడుడు.

పిడుగు పడినప్పుడు రేడియో తరంగములు వెలువడును. రేడియో వినునప్పుడు మెరుపుతోపాటు గరగర శబ్దము వచ్చుట దానివలననే. దూర దూరములనున్న పరికరములు ఈ తరంగములను అందుకొని, ఏ పరికరమునకు ఎంత ముందుగా చేరినదో లెక్కించి, పిడుగు పడిన చోటును తేల్చును. పూనాలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఇట్టి పరికరముల సహాయముతో “దామిని” అను మొబైల్ యాప్‌ను రైతుల కొరకు తయారు చేసినది. మీ చుట్టు 20 నుండి 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుచున్నచో అది తెలుపును. ఇంటిలో చదువుకొన్న పిల్లలచేత దానిని ఫోనులో పెట్టించుకొనుడు. మంగళ, శుక్రవారములందు వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాలను చూచి ఆ వారపు పనులు నిర్ణయించుకొనుడు. విపత్తుల నిర్వహణ సంస్థ ఫోనుకు పంపు సందేశమును చదువక త్రోసివేయకుడు.

ఫోను లేనివారికి కన్ను, చెవి కలవు. ఉదయమునుండి ఉక్కపోత, మధ్యాహ్నమునకు కాలిఫ్లవర్ వలె పైపైకి పొంగు మబ్బు, చటుక్కున వీచు చల్లని గాలి, ఇవి గుర్తులు. మెరుపు కనబడగనే ఒకటి, రెండు, మూడు అని నిదానముగా సెకనులు లెక్కించుడు. ఉరుము వినబడగనే ఆపి, వచ్చిన సంఖ్యను మూడుతో భాగించుడు. అది మీకు పిడుగునకు గల దూరము, కిలోమీటర్లలో. పదునైదు లెక్క వచ్చినచో అయిదు కిలోమీటర్లు. ముప్పది లోపల ఉరుము వినబడినచో, అనగా పది కిలోమీటర్ల లోపలనున్నచో, మీరు పిడుగు అందుకొనగల మేరలో నున్నారు. పని ఆపి కదలవలెను. లెక్క తప్పినను, మరచినను ఒక్క మాట చాలును: ఉరుము చెవిని పడినచో పొలములో నుండరాదు. కడపటి ఉరుము వినబడిన తరువాత అరగంట గడచువరకు తిరిగి పొలమునకు పోరాదు.

ఎక్కడికి చేరవలెను?

నాలుగు గోడలు, స్లాబు కప్పు గల పక్కా ఇల్లు అన్నిటికంటె మేలు. పాఠశాల, రైతు సేవా కేంద్రము, పంచాయతీ కార్యాలయము వంటివి దగ్గరనున్నచో అందులోనికి పోవుడు. లోపల కిటికీలకు, తలుపులకు, కుళాయి గొట్టములకు, గోడలకు దూరముగా కూర్చుండుడు. గోడకు తగిలించి ఛార్జి పెట్టిన ఫోనును చేత పట్టుకొనరాదు. స్నానము చేయరాదు. వాకిటనో, వసారాలోనో నిలిచి వాన చూడరాదు.

తలుపులు, అద్దములు మూసిన కారు, బస్సు, లారీ కేబిన్ కూడ క్షేమమే. పిడుగు దాని ఇనుప గుల్ల మీదుగా జారి నేలలోనికి పోవును. లోపలివారు లోహపు భాగములను తాకకున్న చాలును. పైకప్పు లేని ట్రాక్టరు, మోటారు సైకిలు, సైకిలు, ఎడ్లబండి, గుడ్డ కప్పు గల ఆటో రక్షణ నీయవు.

తాటాకు పాక, గడ్డి కప్పు, మంచె, పొలములోని చిన్న మోటారు కొట్టు, నాలుగు స్తంభముల రేకుల పందిరి, బస్సు కొరకు వేచియుండు తెరపి పందిరి, ఇవి వాననుండి కాపాడును గాని పిడుగునుండి కాపాడవు.

పొలములో చిక్కుకొన్నచో

సమీపమున ఆశ్రయమేదియు లేనప్పుడు ఈ క్రింది విధముగా చేయుడు. ఇవి అపాయమును తగ్గించును, పూర్తిగా తొలగింపవు. కావున ఈ స్థితి రాకుండ ముందే బయలుదేరుట ఉత్తమము.

1. ఒంటరి చెట్టు క్రిందికి పోకుడు. తాడి, కొబ్బరి, చింత, వేప ఏదైనను ఒకటే. చెట్టు క్రింద తడిసిన బట్ట తగ్గునేమో గాని ప్రాణభయము పెరుగును.

2. నాట్లు వేయుచున్న మడినుండి, చెరువునుండి, కాలువనుండి బయటకు రండు. చేపల వలలు, పడవలు విడుచుడు.

3. గట్టు, దిబ్బ, మంచె, గడ్డివామి దిగి పల్లమునకు చేరుడు. నీరు నిలిచిన గుంట మాత్రము పనికిరాదు.

4. తీగ కంచె, విద్యుత్ స్తంభము, పంపు గొట్టము, డ్రిప్ పనిముట్లకు దూరముగా పోవుడు. భుజమున నిలువుగా మోయు గెడ, పార, గొడుగు దించివేయుడు.

5. గుంపుగా నిలువకుడు. మనిషికి మనిషికి కనీసము 15 మీటర్ల ఎడముండవలెను. ఒకే పిడుగు అందరిని పడవేయకుండుటయు, దెబ్బ తగిలినవారికి తక్కినవారు సాయపడుటయు దీనివలన కలుగు లాభము.

6. వెండ్రుకలు నిక్కపొడుచుకొన్నను, చర్మము జివ్వుమన్నను పిడుగు మీదికే వచ్చుచున్నదని గ్రహించి, రెండు పాదములు దగ్గరగా చేర్చి, గొంతుకూర్చుండి, తల వంచి, చెవులు మూసికొనుడు. నేల మీద పరుండరాదు. పరున్నచో నేలలోని విద్యుత్తు శరీరము పొడుగునను ప్రవహించును.

పశువులు, పంపుసెట్లు

పసుపు హెచ్చరిక గల దినమున పశువులను దూరపు బీళ్ళకు తోలకుడు. ఎద్దులను, గేదెలను చెట్టు మొదలునకు గాని తీగ కంచెకు గాని కట్టరాదు. మబ్బు లేచిన వెంటనే కొట్టములోనికి తేవలెను. మెరుపులు ఆరంభమైన తరువాత మాత్రము పశువును విప్పుటకై మైదానమునకు పరుగెత్తకుడు. గొర్రెల కాపరులు మందను చెట్ల క్రింద ముద్దగా నిలుపక పల్లపు నేలలో చెదరనీయవలెను. తాము మందకు ఎడముగా నుండవలెను. తాళ్ళు ఎక్కు గీత కార్మికులు ఉరుము వినబడకమునుపే దిగవలెను.

పంపుసెట్టు స్టార్టరును వాన రాకముందే ఆపుడు. మెరుపులు మెరయుచుండగా స్టార్టరు పెట్టెను తాకరాదు. మోటారు కాలినచో మరల చుట్టించవచ్చును.

దెబ్బ తగిలినవారికి ప్రథమ చికిత్స

పిడుగు తగిలినవారందరు మరణింపరు. వెంటనే సాయము చేసినచో పెక్కుమందిని బ్రదికించవచ్చును. వారి శరీరములో విద్యుత్తు నిలువయుండదు. తాకుటకు భయపడనక్కరలేదు. ముందుగా 108కు ఫోను చేయించుడు. ఉరుములు సాగుచున్నచో వీలైనంతలో వారిని చెట్టునుండి దూరముగా, క్షేమమైన చోటికి చేర్చుడు.

పలువురు పడియున్నచో మూలుగుచున్నవారిని కాక, కదలక మెదలక పడియున్నవారిని మొదట చూడవలెను. మూలుగువానికి ఊపిరి యున్నది. కదలనివానికి గుండె, ఊపిరి ఆగియుండవచ్చును. అతనికి క్షణములే గడువు. అతనిని వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ అరచేయి ఉంచి, దాని మీద రెండవ చేయి వేసి, మోచేతులు వంచక, సుమారు అయిదు సెంటిమీటర్లు అణగునట్లు, నిమిషమునకు 100 నుండి 120 మారులు నొక్కుడు. తెలిసినవారున్నచో ముప్పది నొక్కులకు రెండు సార్లు నోటితో ఊపిరి ఊదవలెను. పిడుగు దెబ్బకు ఆగిన గుండె ఒక్కొక్కప్పుడు తనంతట తాను మరల కొట్టుకొనును. ఊపిరి మాత్రము ఆలస్యముగా వచ్చును. ఆ నడుమ ఊపిరి అందనిచో గుండె తిరిగి ఆగును. కావున వైద్య సహాయము వచ్చువరకు విడువకుడు.

దెబ్బ తగిలినవారిని పేడలో పాతిపెట్టుట కొన్ని ప్రాంతములలో ఆచారముగా నున్నది. అది చికిత్స కాదు. అమూల్యమైన నిమిషములను వృథా చేయును. పైకి గాయము లేకున్నను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రాణము పోయినచో తహసీల్దారుకు, పోలీసులకు తెలియజేసి శవపరీక్ష జరిపించుడు. ప్రభుత్వ సహాయము కోరుటకు ఆ పత్రములు కావలసియుండును.

కొన్ని సందేహములు

“పిడుగు ఒకసారి పడిన చోట మరల పడదు గదా?” – పడును. ఎత్తైన కట్టడముల మీద ఏటేట పలుమారులు పడుచున్నది.

“రబ్బరు చెప్పులు తొడిగినచో భయము లేదు గదా?” – కిలోమీటర్ల గాలిని చీల్చుకొని వచ్చిన విద్యుత్తునకు అంగుళము రబ్బరు అడ్డు కాదు.

“సెల్‌ఫోను పిడుగును లాగునా?” – లాగదు. తీగతో ఛార్జి పెట్టియున్నప్పుడే అపాయము. హెచ్చరిక చూచుకొనుటకు ఫోను దగ్గరనుండుటయే మేలు.

“ఉరిమినప్పుడు అర్జునుని పేర్లు తలచుకొన్న చాలదా?” – మన పెద్దలు నేర్పిన మాటలు ధైర్యము నిచ్చును, నిస్సంకోచముగా తలచుకొనుడు. అయితే పక్కా ఇంటివైపు నడచుచు తలచుకొనుడు.

“రక్షక కడ్డీ పిడుగును పిలుచుకొని రాదా?” – రాదు. 1752లో మెరుపు విద్యుత్తేయని బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలమున రుజువైన నాటినుండి ఈ కడ్డీలు వాడుకలోనున్నవి. ఇంటి మీదనే పడనున్న పిడుగును అది పట్టి, రాగి లేక ఇనుప పట్టీ ద్వారా నేలలోని గుంటకు చేర్చును. పట్టీ ఎక్కడను తెగియుండరాదు, గుంట ఎండరాదు. పాఠశాలకు, గోదాముకు, దేవాలయమునకు ఇది అమర్చుకొనుటకు, ఏటా వేసవికి ముందు పరీక్షించుకొనుటకు గ్రామ పంచాయతీలు పూనుకొనవలెను.

యజమానులకు, మేస్త్రీలకు ఒక మాట

నాట్లు వేయు కూలీలు, మిరప కోయు స్త్రీలు ఉరుము విని మీ ముఖము వంక చూతురు. తమంతట తాము గట్టెక్కినచో కూలి కోయుదురేమోయని వారి భయము. పని ఆపుమను మాట మీ నోటినుండియే రావలెను. ఉదయము పనిలోనికి దిగునప్పుడే “ఉరిమినచో ఫలానా ఇంటిలోనికి పోవలెను, ఆ గంటకు కూలి తగ్గింపను” అని చెప్పియుంచుడు. పొలమునుండి ఆ ఇంటికి నడచుటకు ఎన్ని నిమిషములు పట్టునో ముందే చూచుకొనుడు. ఇరువది నిమిషములు పట్టు చోట మబ్బు లేచినప్పుడే బయలుదేరవలెను. ఉరుము కొరకు వేచియుండరాదు. పట్టాలు, తాళ్ళు కళ్ళము ప్రక్కనే సిద్ధముగా నుంచినచో కాయలు కప్పుట అయిదు నిమిషముల పని. అవి ఇంటివద్దనున్నచో ఆ తెచ్చుటలోనే అపాయకాలము గడచును. తడిసిన మిరపకు ధర తగ్గును, మరల ఎండబెట్టుకొనవచ్చును. నాట్లు రేపు వేసికొనవచ్చును. పోయిన మనిషికి మాత్రము రేపు లేదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. ఉదయమే ఆ దినపు వాతావరణ హెచ్చరిక తెలిసికొనుడు.
2. ఉరుము వినబడగనే పని ఆపి పక్కా ఇంటికి చేరుడు.
3. చెట్టు క్రింద, పాకలో, పందిరి క్రింద నిలువకుడు.
4. నీరు, ఇనుప కంచె, స్తంభములు, స్టార్టరు పెట్టె తాకకుడు.
5. కడపటి ఉరుము తరువాత అరగంట ఆగుడు.
6. దెబ్బ తగిలినవారిని తాకుడు, రొమ్ము నొక్కుడు, 108కు తెలుపుడు.

ఈ ఆరు మాటలను ఇంటిల్లిపాదికి చదివి వినిపింపుడు. చదువరాని కాపరికి, కూలికి నోటితో చెప్పుడు. రచ్చబండ వద్ద, పాల కేంద్రము వద్ద పెద్ద అక్షరములతో వ్రాసి అంటింపుడు. మబ్బు లేచిన సాయంకాలము మీ ఊరివారందరు ఇల్లు చేరినచో ఈ పత్రిక ప్రయోజనము నెరవేరినట్లే.